చేపల తొట్టెకు రెండు బెజ్జాలు, వీలునామాకు రెండు సంతకాలు

నీళ్ల పంపుహౌస్‌లో ముప్పై ఒక్క ఏళ్లు వాల్వులు తిప్పి రిటైరైన, వీధి వీధంతా పంపుహౌస్ అక్క అని పిలిచే, డెబ్బై రెండేళ్ల వయసు గల నేను, బుద్ధి స్థిమితంగా ఉండగా, ఎవరూ బెదిరించకుండా, ఎవరూ బతిమాలకుండా, నా ఇష్టపూర్తిగా స్వహస్తాలతో రాసుకుంటున్న వీలునామా ఇది. నా మతి సరిగా ఉందో లేదో చూడటానికి వచ్చిన డాక్టరమ్మ ఈరోజు ఏ వారమని నన్ను అడిగింది. మీ క్లినిక్ కుళాయి ఆరు నెలలుగా ఎందుకు కారుతోందని నేను అడిగాను. వెంటనే సర్టిఫికెట్ రాసిచ్చేసింది.

ఇంతకుముందు నేను రాసిన మూడు వీలునామాలూ ఇందుమూలంగా రద్దు. వాటిలో రెండు అల్లుడి మీద కోపంతో రాసినవి. మూడోది కూతురి మీద, అల్లుణ్ణి వెనకేసుకొచ్చినందుకు.

1. నా స్వార్జితమైన ఈ ఇల్లు, కింది వాటాతో సహా, సర్వహక్కులతో నా ఒక్కగానొక్క కూతురికి చెందాలి. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత కూడా ఆమెదే. బీరువాలోని నా చీరలు తనకి నచ్చవని నాకు తెలుసు. నచ్చినట్టు నటించనక్కర్లేదు.

2. హాల్లోని ఐదడుగుల చేపల తొట్టె, దాని కింది అలమారలో ఉన్న చిన్న తొట్టె, అనగా సంపు, మోటారు, గొట్టాలు, సమస్తం కూతురికే. అయితే కొన్ని షరతులకు లోబడి. పెద్ద తొట్టె వెనక అద్దానికి పైభాగంలో రెండు బెజ్జాలున్నాయి. పొంగిన నీళ్లు మొదటి బెజ్జం లోంచి గొట్టం గుండా సంపులోకి దిగుతాయి. అక్కడ గుడ్డ సంచిలోనూ స్పాంజిలోనూ మురికి వదిలించుకుంటాయి. మోటారు వాటిని మళ్లీ పైకి తోస్తుంది. మొదటి బెజ్జం మూసుకుపోతే ఆదుకోవడానికి రెండోది. ఈ రెండో గొట్టానికి ఎవరూ ఎప్పుడూ వాల్వు బిగించకూడదు, ఎంత చవగ్గా దొరికినా సరే. మొదటి గొట్టానికున్న వాల్వును ఒక్కసారిగా తిప్పేయకూడదు. గొట్టం గుడగుడలాడితే వెంట్రుకవాసి మూయాలి, రెండో గొట్టంలోకి నీళ్లొస్తే వెంట్రుకవాసి తెరవాలి. బెజ్జాలు రెండూ నేనే వేశాను. రెండోది కొంచెం పక్కకి పోయింది. కావాలనే అలా వేశానని అందరికీ చెబుతూ వస్తున్నాను, నా తర్వాత కూతురు కూడా అదే చెప్పాలి.

3. అల్లుడికి, సంపు గోడ మీద నేను గీసిన ఎర్ర గీత. గీతకు కింద ఎన్ని నీళ్లయినా పోసుకోవచ్చు, గీతకు పైన అతనికి ఎలాంటి హక్కూ భుక్తమూ లేవు. కరెంటు పోతే మోటారు ఆగి, పై తొట్టెలోంచి కొన్ని నీళ్లు కిందికి జారతాయి. వాటి కోసమే సంపులో చోటు వదులుతాం. ఓసారి అల్లుడు, పాపం సంపు సగం ఖాళీగా ఉందని జాలిపడి, “మీకెందుకత్తయ్యా శ్రమ, నేను పోస్తాగా” అని బకెట్లు మోసి అంచుదాకా నింపాడు. ఆ మధ్యాహ్నమే కరెంటు పోయింది. హాలు చెరువైంది. తన కొత్త తువ్వాళ్లన్నీ తెచ్చి, మోకాళ్ల మీద కూర్చుని మూల మూలా తుడిచాడు. నేనన్న మాటలన్నీ పడుతూనే తువ్వాళ్లు పిండాడు. ఆ మాటలన్నీ వెనక్కి తీసుకుంటున్నాను, ఒక రెండు తప్ప. నా రెంచీల పెట్టె కూడా అతనికే. కూతురు అడిగినా ఇవ్వకూడదు.

4. కింది వాటాలో అద్దెకుంటున్న దర్జీ వదినకి నా పెద్ద నల్ల గొడుగు. ఆ నీళ్లు ముందు కారింది ఆమె కుట్టు మిషను మీదే. అయినా ఆవిడ తిట్టడం పూర్తయ్యాక ప్యాంటు జేబుల గుడ్డతో సంపుకి వడపోత సంచులు కుట్టి తెచ్చింది. షాపు సంచులకన్నా నాలుగింతలు మేలు. నేను కుట్టించకుండా దాచుకున్న జాకెట్టు గుడ్డలన్నీ ఆమెకే చెందాలి. ఆమె బతికున్నంత కాలం అద్దె పెంచకూడదు.

5. తొట్టె అడుగున రాయి కింద ఉండే ముసలి చేప ఎవరికీ చెందదు. దాని సంగతి అది చూసుకుంటుంది.

6. అద్దాల పని చేసే నా తమ్ముడికి నా ఆస్తిలో చిల్లిగవ్వ కూడా రాయడం లేదు.

దీనికి కారణం చెప్పాలి. తొమ్మిదేళ్ల కిందట నేను కొన్న మొదటి తొట్టెకు అడుగున బెజ్జం వేయమని వాడిని పిలిచాను. కాల్చి గట్టిపరిచిన అద్దానికి డ్రిల్లు తగిలితే మొత్తం పొడిపొడి అవుతుంది. అందుకే వాడు రెండుసార్లు అడిగాడు. “సాదా అద్దమేరా, పెట్టు” అన్నాను. డ్రిల్లు పెట్టాడు. అద్దం పంచదార పలుకుల్లా గదంతా చిందింది. వాడి చెయ్యి వణికిందని నేను దర్జీ వదినకి చెప్పాను, బజారుకి చెప్పాను, చెప్పమని అడగని వాళ్లకి కూడా చెప్పాను. వాడికి వణుకు అని పేరు స్థిరపడింది. రెండు షాపుల వాళ్లు వాడికి పని ఇవ్వడం మానేశారు. అద్దాలు కోసుకుని బతికేవాడికి చెయ్యే కదా అన్నం పెట్టేది. ఆ రోజు నుంచి వాడు ఈ గడప తొక్కలేదు.

వాడి చెయ్యి వణకలేదు. గట్టి అద్దమని రాసున్న స్టిక్కరు అడుగున ఉంటే, అందం చెడిందని నేనే గోటితో గీకేశాను, ఏం రాసుందో చదవకుండా. ముక్కలు ఊడుస్తుంటే ఆ స్టిక్కరు చెత్తబుట్టలో కనపడింది. అప్పుడు చదివాను. చదివి, దాని మీద కాగితాలు కప్పి, నోరు మూసుకున్నాను. ముప్పై ఒక్క ఏళ్లలో పంపుహౌస్‌లో ఒక్క తప్పు చేయనిదాన్నని నాకు గొప్ప. ఆ గొప్ప కోసం నా తమ్ముణ్ణి పోగొట్టుకున్నాను. సిగ్గుగా ఉంది.

ఇక వాడికి ఆస్తిలో ఏమీ రాయకపోవడం సంగతి. సాక్షి సంతకం పెట్టేవాడికి ఆస్తిలో వాటా రాయకపోవడం మంచిదని వకీలు చెప్పాడు. ఇద్దరు సాక్షులు లేకపోతే ఈ కాగితం చెల్లదు. ఒకరు డాక్టరమ్మ. రెండోవాడు నా తమ్ముడే కావాలి, వేరొకరు పనికిరారు. నేను ఫోన్ చేస్తే ఎత్తడు, వాడి స్థానంలో ఉంటే నేనూ ఎత్తను. కాబట్టి కూతురు స్వయంగా వెళ్లి మావయ్యని తీసుకురావాలి. అల్లుడికి రెంచీలు, వదినకి గొడుగు, అన్నీ ఆ సంతకం మీదే ఆధారపడి ఉన్నాయి. సంతకం పెట్టేముందు వాడు ఇదంతా చదవాలి. చదివాక దీన్ని బజార్లో ఎవరికి చూపించుకున్నా నాకు అభ్యంతరం లేదు.

తేదీ: 14 జూన్ 2022, మంగళవారం.

సంతకం: పంపుహౌస్ అక్క

మొదటి సాక్షి: డాక్టరమ్మ. (కుళాయి బాగు చేయించాను.)

రెండవ సాక్షి: తమ్ముడు, అద్దాల పని. అంతా చదివే సంతకం పెట్టాను. ఆ రోజు డ్రిల్లు పెట్టేముందు అద్దం తుడుస్తుంటే స్టిక్కరు జిగురు నా వేలికి తగిలిందక్కా. నువ్వు సాదా అన్నావని డ్రిల్లు పెట్టాను. తొమ్మిదేళ్లూ నువ్వే చెబుతావని చూశాను. ఇప్పుడు కూడా కాగితం మీదే చెప్పావు. నీ ఎదురుగానే కూర్చున్నాను, ఒక్కసారి నోటితో చెప్పు.