నీ కారుకి సొట్ట పడింది

ఒరేయ్ మస్తాన్,

నువ్వు పోయి రేపటికి ఏడాది. నీ కారు సంగతి నీకు కాక ఎవరికి చెప్పను?

మీ ఇంట్లోవాళ్లు నన్ను నడుపుకోమని ఇచ్చిన నీ అంబాసిడర్‌ని ఇవాళ అద్దంకి బస్టాండు పక్కన ఆపి, టీ తాగడానికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి వెనక తలుపు లోపలికి నొక్కుకుపోయి ఉంది. సీటు నిండా అద్దం ముక్కలు.

"వీడే గుద్దాడు! పారిపోతుంటే పట్టుకున్నాం" అంటూ కొందరు ఒక ముసలి ట్రాక్టరు డ్రైవర్‌ని చొక్కా పట్టుకుని లాక్కొచ్చారు. "నేను కాదయ్యా, ఇప్పుడే మిరపకాయలు దించి వస్తున్నా" అని అతను మొత్తుకుంటున్నాడు. ఎవరో అప్పటికే చెంప పగలగొట్టారు. నేనూ చెయ్యెత్తాను.

అంతలో సొట్టలో అంటుకున్న నీలం రంగు కనబడింది. అతని ట్రాక్టరు మొత్తం ఎరుపే.

"ఆగండ్రా! ఇతను కాదు, వదలండి" అని అరిచాను.

"నీ కోసం పట్టుకొస్తే మామీదే అరుస్తావేంట్రా?" అని ఒకడు మీదికొచ్చాడు. నేను ముసలాయనకి అడ్డంగా నిలబడి రంగు చూపించాను. తిట్టుకుంటూనే ఒక్కొక్కరూ కదిలారు. గుద్దినవాడెవడో తెలియలేదు.

పెద్దాయన వెళ్లిపోకుండా నాతోపాటు వంగి గాజుముక్కలు ఏరాడు.

"కారు నీదేనా బాబూ?"

"కాదు, మా మస్తాన్‌ది."

"మరి ఆయనకేం చెప్తావు?"

"జరిగింది చెప్తా. ఏమీ అనడులే" అన్నాను. నువ్వు లేవన్న మాట మాత్రం నోటికి రాలేదురా.