బాద్షా దగ్గుకు డాక్టరు పొడి, ఇంటి కషాయం

మామా, రాయదుర్గం బస్సు వస్తాండాది, జీన్స్ కుట్టేకి పోతాండా. గుర్రం పని ఈరోజు నీదే.

డాక్టరిచ్చిన పొడి సాయంత్రం తవుడులో కలిపి బాద్షాకు పెట్టు. మేతకు శనక్కాయ కట్టె నీళ్లు చల్లి తడిపి వెయ్యి. దగ్గంతా ఆ దుమ్ముతోనే అని ఆయప్ప చెప్పినాడు కదా. తులసి, అల్లం వేసి కషాయం కాచి పెట్టినా. పొడి మానకుండా అదీ తాపించొచ్చని ఆయప్పే అన్నాడు.

నీ ఎండుమిరపకాయల దిష్టి మాత్రం వద్దే వద్దు. నిన్న దాని ముక్కు కింద పొగబెట్టి, అది ఇంకా దగ్గుతాంటే "చూసినావా, ఎంత దిష్టి తగిలిందో!" అంటివి. నీ ముక్కు కింద పెడితే నువ్వు పాట పాడతావా? పెళ్లి ఊరేగింపులో జనాలకు కళ్లు కుట్టేంత అందం దానికేం లేదు. పైనెక్కిన పెళ్లికొడుకు కంటే నయం, అంతే.

పోయిన నెల నేను దగ్గితే డాక్టరూ లేడు, దిష్టీ లేదు. "జీన్స్ నూగులే, అదే పోతాది" అని అటు తిరిగి పండుకుంటివి.

మారెక్క

ఇంకోటి. గుర్రానికి పోసినాక మిగిలిన కషాయం నువ్వు తాగు. రాత్రంతా దగ్గింది అదొక్కటే కాదు.