విల్లాస్‌కు చెప్పిన శుభవార్త

హోర్సెన్స్,
ఆదివారం

నా బంగారు తల్లీ బోదిల్,

మీ వర్క్‌షాపులో పాత తలుపుల రంగు ఊడదీయడానికి ఆ ఘాటు ద్రావకం మానేసి, సోయా నూనెతో చేసిన ముద్ద పూస్తున్నారని చదివి ఎగిరి గంతేశానమ్మా! రాత్రంతా నాననివ్వాలని పనివాళ్లు గొణుగుతున్నారా? గొణగనీ. ఆ పాత ద్రావకం డ్రమ్ములు మాత్రం మళ్లీ తెప్పించకు తల్లీ, నీకు దండం పెడతాను.

మా రోజుల్లో ఆ ద్రావకం ఆవిరికి తల తిరుగుతోందంటే యజమాని తలా ఒక పాలసీసా ఇచ్చేవాడు. "తాగండ్రా, విషం విరిగిపోతుంది" అనేవాడు. నమ్మి తాగాం. నా పక్కనే పనిచేసిన విల్లాస్‌కు ఇప్పుడు వృద్ధుల హోమ్‌లో తన గది ఏదో కూడా గుర్తుండదు.

ఉండబట్టలేక నిన్న పోయి వాడికి నీ సంగతి చెప్పాను. "మన బోదిలే! ఆ దయ్యప్పిల్ల సాధించిందిరా ముసలోడా!" అని నన్ను వాటేసుకుని ఏడ్చాడు. కాఫీ చల్లారకముందే, "ఏరా, మీ అమ్మాయి ఇంకా ఆ విషంతోనే పనిచేస్తోందా?" అని దిగులుగా అడిగాడు. మళ్లీ చెప్పాను. మళ్లీ అంతే సంబరపడి ఏడ్చాడు. హోమ్ వాళ్లు నన్ను పంపించేసేదాకా చెబుతూనే ఉన్నానమ్మా.

మీ నాన్న