ఏడు గంటల సీరియల్, యాదమ్మ

దిల్‌సుఖ్‌నగర్,
శనివారం

అక్కయ్యకు నమస్కారాలు.

ఆంజనేయస్వామి దయవల్ల ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం. నీ మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది? బావగారు మందులు వేళకి వేసుకుంటున్నారా? టీవీలో బంద్ అని చూపించినప్పుడల్లా నువ్వు కంగారుగా ఫోన్ చేస్తున్నావు గానీ, మా సందులోకి ఏ గొడవా రాలేదు. పాలు దొరుకుతున్నాయి. బెంగపెట్టుకోకు. ఎండలు మాత్రం మండిపోతున్నాయి.

సీరియల్లో పెద్దకోడలు కట్టుకున్న చీర అడిగావు కదా, చూశాను. షాపుల్లో ఆ సీరియల్ పేరు చెప్పే అమ్ముతున్నారు. టీవీలో ఉన్నంత బాగోలేదు, రంగు దిగేలా ఉంది. వద్దులే. మీ మరిదితో కొత్త సినిమాకి వెళితే బంద్ వాళ్ళు వచ్చి రెండుసార్లు ఆట ఆపేశారు. మూడోసారి చూశాం. హీరో నలభై మందిని కొట్టాడు, నాకు కునుకు పట్టింది.

ఫోనులో చెప్పలేక ఒక సంగతి రాస్తున్నాను. పక్కవాటాలో ఉండే యాదమ్మ తెలుసు కదా, నల్గొండ వైపు వాళ్ళు. మీ మరిది ఎనిమిదింటికి ఆఫీసుకి వెళితే మళ్ళీ రాత్రికే. ఈ ఆరేళ్ళూ నాకు మాట్లాడే మనిషి ఆమె ఒక్కతే. నేను దీపం పెట్టుకోగానే గోంగూర చాటలో వేసుకుని వచ్చేది. ఇద్దరం ఏడు గంటల సీరియల్ చూసేవాళ్ళం. అత్త పాలగ్లాసు పట్టుకుంటే చాలు, "సూడక్కా, మల్ల కలిపింది ముసల్ది" అనేది. "ఈ ఇంట్ల ఒక్కలు గూడ వంట జెయ్యరు, అందరు విషమే జేస్తరు" అనేది. నవ్వాపుకోలేకపోయేదాన్ని.

రెండు నెలల క్రితం ఆ సీరియల్లోకి కొత్త పనిమనిషి వచ్చింది. ఇక్కడి యాసలో మాట్లాడుతుంది. నాకు ముచ్చటేసి, "అచ్చం నీలాగే మాట్లాడుతోంది యాదమ్మా" అన్నాను. అంతలోనే ఆ పిల్ల బీరువా తీసి పెద్దకోడలి నగలు కొంగున కట్టుకుంది.

యాదమ్మ ఆకు తుంచడం ఆపింది. "నా లెక్కనా అక్కా?" అంది.

"మాట గురించి అన్నాను. కథేగా" అన్నాను.

"కథనే. గీ కథలల్ల మా మాట దొంగలకే ఇస్తరు, లేకుంటె నవ్విచ్చేటోనికి. ఒక్క హీరోయినన్న నా లెక్క మాట్లాడిందా? గిన్నేండ్ల సంది సూస్తున్నవ్, నీకు ఒక్కనాడన్న అనిపిచ్చిందా?"

గట్టిగా కూడా అనలేదు. నాకు నిజంగానే ఎప్పుడూ అనిపించలేదక్కయ్యా. ఆ మాటే చెప్పాను, అది ఇంకా తప్పయింది. చాట తీసుకుని వెళ్ళిపోయింది. బయట ప్రత్యేక రాష్ట్రం కావాలని ఊరేగింపులు జరుగుతున్న రోజులు, నేనన్నది వేరేగా వినిపించిందేమో అనుకున్నాను. కాదు, సరిగ్గానే వినిపించింది.

తర్వాతి శనివారం గుడి నుంచి ప్రసాదం పట్టుకెళ్ళాను. రెండు చేతులా అందుకుని కళ్ళకద్దుకుంది. "మంచిగున్నరామ్మా" అంది, కొత్తవాళ్ళని అడిగినట్టు. లోపలికి రమ్మనలేదు. వాళ్ళూ టీవీ కొనుక్కున్నారు. గోడ అవతల నుంచి అదే సీరియల్ వినిపిస్తుంది.

నవ్వుతావేమో గానీ, ఆ పనిమనిషి మంచిదని తేలితే పదకొండు ప్రదక్షిణలు చేస్తానని స్వామికి మొక్కుకున్నాను. ఆ వంకతోనైనా యాదమ్మని పిలవొచ్చని. మొన్న గురువారం తేలింది. నగలు అత్త చేతిలో పడకుండా దాచిందట, పైగా ఆ ఇంట్లో చిన్నప్పుడు తప్పిపోయిన కూతురట. నేను లేచి తలుపు గడియ తీశాను కూడా. అంతలో ఆ పిల్ల పట్టుచీర కట్టుకుని మెట్లు దిగి వచ్చి, "నన్ను క్షమించండమ్మా, మీకు దూరంగా బ్రతికాను" అంది, అచ్చం మనలాగా. ఇక్కడి యాస ఒక్క ముక్క లేదు. గోడ అవతల టీవీ ఆగిపోయింది. నేను మళ్ళీ గడియ పెట్టుకున్నాను.

మొక్కు మొక్కే కనుక ఇవాళ పొద్దున ప్రదక్షిణలు చేసి వచ్చాను. స్వామి ముందు నిలబడితే అడగడానికి ఏమీ తోచలేదు. ఇక ఆమె రాదు. నిన్నటి నుంచి ఏడింటికి టీవీ పెట్టడం లేదు.

నా ఆరోగ్యం బాగానే ఉంది, వేళకి తింటున్నాను, బెంగపెట్టుకోకు. ఒక్కటే మాట. ఆవకాయ కలిపేటప్పుడు యాదమ్మకని వెల్లుల్లి ఎక్కువ వేసి ఏటా వేరే జాడీ పెడతావు కదా. ఈసారి పెట్టకు. మాకొక్కటి చాలు.

బావగారికీ మీ అత్తగారికీ నా నమస్కారాలు చెప్పు. మమ్మల్ని తలుచుకుని ఇంట్లో దేవుడి దగ్గర ఒక పువ్వు పెట్టు.

నీ ఆశీస్సులు కోరుకునే చెల్లెలు,
సుందరమ్మ