అరవై ఆరు బద్దలు

జనగామ,
21 జూలై 1969.

వెంకటేశ్వర్లన్నకు పోశయ్య నమస్కారాలు. మానుకోటలో మీరు, వదిన కుదురుకున్నారని విన్నాను. ఇక్కడ అందరం క్షేమమని రాయలేను.

మీ బట్టల దుకాణానికి సర్కారు వేసిన సీలు అట్లే ఉంది. భద్రు ఇంకా జైల్లోనే ఉన్నాడు. లాఠీలతో కుడిచేతి వేళ్లు నాలుగు విరగ్గొట్టారు. ఎడమచేత్తో తింటున్నాడు.

ఆనాటిది మీరు కోర్టులో చెప్పవలసి ఉంది కాబట్టి మళ్లీ రాస్తున్నాను. తెలంగాణ ఊరేగింపు మీ దుకాణం దాటగానే లారీ దగ్గరి పోలీసులు కాల్చారు. భద్రు తమ్ముడు రమేశ్‌కు గొంతులో తగిలింది. పక్కనే ఉన్న భద్రు తువ్వాల అదిమి పట్టినా వేళ్ల సందుల్లోంచి రక్తం ఆగలేదు. దవాఖాన చేరకముందే పిల్లవాడు పోయాడు. నూరడుగుల నుంచి భద్రు రాయి విసిరి జవాను తల పగలగొట్టాడని, అందుకే కాల్చామని పోలీసులు కేసు రాశారు.

రోడ్డు కడగకముందే మీ దుకాణంలో గుడ్డ కొలిచే బద్దతో మనిద్దరం కొలిచాం. లారీ టైరు నుంచి రక్తపు మడుగు దాకా అరవై ఆరు బద్దలు. పత్రికలో అరవై ఆరు మీటర్లని రాశాను. కోర్టులోనూ అదే అన్నాను. సర్కారు వకీలు బద్దను టేపు పక్కన పెట్టాడు. మూడడుగులే ఉంది. మీటరుకు మూడంగుళాల పైన తక్కువ. సర్కారు గజాలు ఎత్తేసినా తండా ఆడవాళ్లు లంగాగుడ్డ గజాల్లోనే అడుగుతారని మీరు గద్దె కింద దాచిన పాత బద్ద అది. మీరే మీటరని ఇచ్చారని చెప్పాను. సాక్ష్యం కొట్టేశారు. మరునాడు దొంగబద్ద ఇచ్చారని జనం మిమ్మల్ని మీ గద్దె మీదే కొట్టారు.

భద్రు భార్య రామి కోర్టు మెట్ల మీద నన్ను ఆపింది. "మూడంగుళాలేనంటున్నవ్ బాపు. నా మొగనికి మూడేండ్లు పడ్తయంట."

గురువారం మళ్లీ వాదన. అది గజంబద్దేనని మీరు చెప్తే చాలు. అరవై ఆరు గజాలంటే నూట తొంభై ఎనిమిది అడుగులు, అరవై మీటర్ల ముప్పై అయిదు సెంటీమీటర్లు. పోలీసులు చెప్పిన దూరానికి దాదాపు రెట్టింపు. అంత దూరం నుంచి విసిరిన రాయి జవాను దాకా చేరదు.

ఇట్లు,
పోశయ్య

తా.క. కొలిచేటప్పుడు మీరన్న మాట నేను దాచాను. "పోశయ్యా, గిది మీటర్ గాదు, పాత గజంబద్ద. లెక్కగట్టి రాయి." వార్త పంపే బస్సు కదులుతోందని లెక్క కట్టలేదు. మీటర్లంటే దూరం ఇంకా పెరుగుతుందని కూడా అనుకున్నాను. ఈ ఉదయం ఇదంతా రాసి, సంతకం పెట్టి కోర్టులో ఇచ్చాను. అబద్ధపు సాక్ష్యానికి నా మీద కేసు పెడతారట. గురువారం రండి. నా పక్కన కూర్చోలేకపోతే రామి పక్కన కూర్చోండి.