కోడలి కోసం కుట్టిన ఫేటియా

తండా నుంచి,
ఫిబ్రవరి 2008

కొడుకు చిరంజీవి రాజేష్‌కు మీ బా దీవించి రాసేది. ఇక్కడ మీ యాడి, నేను, ఎడ్లు బాగున్నాం. నువ్వు ఖమ్మంలో, ఖానాపురం హవేలిలో వేళకు తింటూ, వేళకు ఆఫీసుకు పోతూ బాగున్నావని తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. అడిగినవాటికి ముందు జవాబు చెబుతాను. మీ యాడికి మోకాలి వాపు తగ్గింది. దవాఖానాలో ఇచ్చిన మాత్రలు వేసుకోమంటే, నొప్పి లేనినాడు ఎందుకంటుంది. మిర్చి రెండో కోత నడుస్తోంది. తెగులు తగిలి తాలుకాయ ఎక్కువ వచ్చింది. ఏరడానికి కూలీలు లేరు కాబట్టి ఖమ్మం యార్డుకు ఈసారి ఆలస్యంగా తెస్తాను. నీ పెళ్ళి ఉగాది దాటాక పెట్టుకుందామని కారేపల్లి పిల్ల వాళ్ళు అన్నారు. దాని గురించి కింద రాస్తాను.

ఫోన్ ఎందుకు చేయడం లేదని అడిగావు. రోడ్డు మీద కిరాణా కొట్లో కాయిన్ బాక్సు ఉంది. నేను హలో అంటే చాలు, అక్కడ టీ తాగేవాళ్ళంతా గ్లాసు దించి వింటారు. ఇది అక్కడ చెప్పే సంగతి కాదు.

వాగు అవతల గొత్తికోయల గుడిసెలు ఉండేవి కదా. ఛత్తీస్‌గఢ్‌లో ఊళ్ళు తగలబడితే పారిపోయి వచ్చినవాళ్ళు. మన మిర్చి ఏరేది వాళ్ళే. పోయిన వారం అడవి ఆఫీసు వాళ్ళు లారీలతో వచ్చి గుడిసెలు పీకేశారు. గిన్నెలు, కోళ్ళు, మనుషులు, అన్నీ కలిపి ఎక్కించారు. సరిహద్దు దాటించి, మీ ఊరికి మీరు పోండని రోడ్డు పక్కన దింపి వచ్చారట. ఆ ఊరు ఇప్పుడు లేదని ఎక్కేటప్పుడు వాళ్ళు కోయలో చెబుతూనే ఉన్నారు. లారీ వాళ్ళకు కోయ రాదు.

మన తండాలో కొందరికి ఇది మంచిదే అనిపించింది. పోడు భూములకు పట్టాలు ఇస్తామంటున్న ఏడాది. కొత్తవాళ్ళు అడవి కొడుతుంటే మన అర్జీలు కూడా చెడతాయని భయం. ఆ భయం నాకూ ఉంది. 'వాటిల్లో తలదూర్చకు బా, నా ఉద్యోగం ఇంకా పర్మనెంట్ కాలేదు' అని నువ్వు రాసింది చదివాను. దూర్చకూడదనే అనుకున్నాను.

ఉంగి నీకు గుర్తుండాలి. పోయినేడు నువ్వు వచ్చినప్పుడు కల్లంలో తాలుకాయ ఏరుతుండేది. అప్పుడు నిండు గర్భిణి. ఆమె మొగుణ్ణి అవతల చంపేశారు. ఏ పక్షం వాళ్ళో ఆమె చెప్పలేదు, మేము అడగలేదు. ఆడపిల్ల పుట్టింది. లారీలు వచ్చిన పొద్దున తల్లీబిడ్డా మన చేలో ఉన్నారు. వాగు అవతల కేకలు విని అటు పరుగెత్తబోతుంటే మీ యాడి ఆమె జబ్బ పట్టుకుంది. ఇంట్లోకి లాక్కుపోయి తలుపు వేసింది. నేను తలుపు కొడితే, "ఆగు, కడుతున్న" అంది.

తలుపు తెరిచేసరికి ఉంగి ఒంటి మీద అద్దాల ఫేటియా లంగా, కాంచళి రవిక, మోచేతి పైదాకా గాజులు, ముఖం మీదికి ముసుగు. నీ పెళ్ళికి కోడలికని మీ యాడి రెండేళ్ళు కుట్టిన జత.

"ఇదేంది?" అన్నాను.

"కోడలు. మామ ముందల ముసుగు తియ్యది, నోరు తెరవది. ఏ భాషదో ఎవరికి ఎరుకైతది?"

అంతలోనే జీపు వచ్చింది. కోస్తా నుంచి కొత్తగా వచ్చిన రేంజరు, వెంట మన కోటేష్. కోటేష్ ఇప్పుడు అడవి ఆఫీసులో వాచరు.

"ఎవరయ్యా ఈమె?" అన్నాడు రేంజరు.

"మా కోడలు, సార్."

"పేరు?"

నా నోటికి అలవాటైన కోడలి పేరు ఒక్కటే, నీకు కుదిరిన పిల్లది. "కళ్యాణి" అన్నాను.

"ఆ పిల్ల?"

"మనవరాలు."

"ఒకసారి ముసుగు తియ్యమను."

కోటేష్ ఆమెకు వీపు పెట్టి నిలబడ్డాడు. "సార్, నేను రాజేష్‌కు అన్న వరస. నేను, మామ ఉండంగ ఆమె తియ్యది. బలవంతం చేస్తే తండా అంతా జీపుకు అడ్డం పడతది" అన్నాడు.

రేంజరు ఆ అద్దాల వంక కాసేపు చూశాడు. "మీ అబ్బాయి ఏం చేస్తాడు?" అన్నాడు. చెప్పాను. "గవర్నమెంటు ఉద్యోగి భార్యతో మిరపకాయలు కోయిస్తున్నావా?" అని, నీ ఆఫీసు ఎక్కడో అడిగి వెళ్ళాడు.

ఇదీ నీకు రాయాల్సిన మాట. నిన్ను అడగకుండా నీకు పెళ్ళి చేశాను. బిడ్డను కూడా ఇచ్చాను.

మొన్న కోటేష్ ఒక్కడే వచ్చాడు. "కాకీ, ఈ కాలం పిల్లలు ఎవరు ఫేటియా కడుతున్నరు? నా పెండ్లాం పెండ్లినాడు కట్టి మళ్ళ ముట్టలే. ఉత్త చీర కడితే నేను కూడ నమ్ముదును. సారు క్యాలెండర్ల చూసిన లంబాడామెను చూసిండు, గందుకు సరిపోయింది" అన్నాడు.

"కోడలంటే నాకు ఎరుకైంది గదే" అంది మీ యాడి.

"నవ్వులాట గాదు. ఇప్పుడు పడుచోళ్ళెవరు గట్ల కట్టరని ఆఫీసుల ఎవడో చెప్పిండు సారుకు. వచ్చే గురువారం ఖమ్మంల మీటింగు ఉంది. రాజేష్‌ను కలిసి, నీకు పెండ్లయిందా అని అడుగుతడంట. కాకా, వాడు లేదంటే జీపు ఇటే వస్తది. నా కొలువు కూడ గంతే."

నిన్న కారేపల్లి పోయాను. ఎవరో చెప్పకముందే నేనే చెప్పాలనుకున్నాను గాని, అప్పటికే కళ్యాణి తండ్రి దూలయ్య చెవిన పడింది.

"నా బిడ్డ పేరు పెట్టి ఎవర్నో ఇంట్ల పెట్టుకున్నవంట" అన్నాడు. జరిగిందంతా చెప్పాను. చివరిదాకా విని, "మంచి పనే కావొచ్చు హేమ్లా. గా మంచి పని నీ బిడ్డ పేరుతోటి చేసుకోకపోయినవా?" అన్నాడు. నాకు ఆడపిల్లలు లేరని అతనికి తెలుసు.

నేను లేచేటప్పుడు కళ్యాణి గడపలోకి వచ్చింది. "ఆ సారు ముందల ఆయన ఏం చెప్తడో చెప్పున్రి. నేను అప్పుడు చెప్త" అంది. ఏ జవాబు వింటే ఆమె పెళ్ళికి అవునంటుందో దారి పొడుగునా ఆలోచించాను, తెలియలేదు.

అబద్ధం ఆడమని నీకు నేర్పలేదు, ఇప్పుడు ఆడమనడం లేదు. నువ్వు లేదంటే, అబద్ధం ఆడింది నేనేనని, నా కొడుక్కు ఏమీ తెలియదని రేంజరుతో చెబుతాను. కోటేష్‌కు కూడా తెలియదని చెబుతాను. నీ ఉద్యోగం వరకు అది సరిపోతుంది. ఉంగికి సరిపోదు.

ఆమెకు తెలుగు కొంత వస్తుంది. మేము మాట్లాడుకున్నది అర్థమైంది. ఫేటియా విప్పి మడతపెట్టి, మీ యాడి పాత చీర కట్టుకుంది. బిడ్డ గుడ్డలు, కొన్ని బియ్యం మూట కట్టింది. ఎటు పోతావంటే చెయ్యి అడవి వైపు చూపింది. మీ యాడి మూట విప్పింది. ఆమె మళ్ళీ కట్టింది. రెండు రోజులుగా ఇద్దరిదీ ఇదే పని.

దీనికి జవాబు రాయకు. ఇది నమ్మకమైన మనిషి చేతికిచ్చి పంపుతున్నాను; టపాలో వచ్చే ఉత్తరాలు ఎవరి చేతుల్లో పడతాయో తెలియదు. అవును అని చెప్పేటట్టయితే గురువారానికి ముందే ఒకరోజు సెలవు పెట్టి పగటి బస్సుకు రా. కిరాణా కొట్టు ముందు దిగి, నలుగురూ చూసేటట్టు నడిచి రా. పిల్లకు ఏదైనా తీసుకురా, తండ్రి ఉత్తచేతులతో రాడు. ఎవరైనా అడిగితే బిడ్డ పేరు లాలి అని చెప్పు.

బుధవారం ఆఖరి బస్సు దాకా చూస్తాను. నువ్వు దిగకపోతే మూట నేనే ఎత్తుకుని, తల్లినీ బిడ్డనూ వాగు దాటించి వస్తాను.

ఇట్లు,
నీ బా,
హేమ్లా