పచ్చ లైటు చెప్పిన క్షేమం

చిరంజీవి బుజ్జిగాడిని మేనత్త ఆశీర్వదించి రాయునది,

నేను క్షేమమే. మా ఆసుపత్రి రికార్డుల గదే క్షేమంగా లేదు. మీ కంపెనీ సాఫ్ట్‌వేర్ పెట్టాక, బయటి ల్యాబు నుంచి రక్తపరీక్షల రిపోర్టులు నేరుగా నా కంప్యూటర్లో వచ్చి పడతాయన్నారు. పది రోజులుగా ఒక్కటీ పడలేదు. ల్యాబుకి ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోతోంది. ఆరో నంబరు మంచం మీద ఒక దర్జీ ఉన్నాడు. రిపోర్టు లేనిదే ఆపరేషన్ చేయనంటాడు డాక్టరు. రోజూ పొద్దున్నే ఆ దర్జీ నా కిటికీ దగ్గరకొచ్చి నిలబడతాడు, ఏమీ అడగడు. అదే భరించలేకపోతున్నాను.

ఇట్లు,
నీ మేనత్త

తా.క.: ఫోన్ చేస్తే మీటింగులో ఉన్నానంటావని ఉత్తరం రాశాను. దీన్ని మీటింగులో కూడా చదువుకోవచ్చు.

అత్తకి నమస్కారాలు,

నువ్వడిగింది సరిగ్గా నా పనే. బయటి సంస్థలతో మాకున్న నలభై రెండు లింకుల బాగోగులు చూడ్డానికే నాకు ఈ ఉద్యోగం. మా ప్రోగ్రాం నిమిషానికోసారి ఆ ల్యాబు కంప్యూటర్ని "ఉన్నావా?" అని అడుగుతుంది. అది "ఉన్నాను" అంటుంది. నా బోర్డు మీద పచ్చ లైటు వెలుగుతుంది. నీ ల్యాబు ఈ ఏడాది ఒక్కసారి కూడా పలక్కుండా ఉండలేదు. కాబట్టి తప్పు నీ కంప్యూటర్‌దే. ఆపి మళ్లీ వెయ్యి.

నీ మేనల్లుడు

తా.క.: రెండుసార్లు ఆపి వేస్తే ఇంకా మంచిది.

ఒరే బుజ్జీ,

రెండుసార్లు ఆపి వేశాను. పొద్దుట్నుంచి ఎక్కించిన అరవై పేర్లు ఎగిరిపోయాయి. నువ్వు ల్యాబువాళ్లతో స్వయంగా మాట్లాడావనుకుని, వాళ్లంతా బాగున్నారని దర్జీకి చెప్పాను. ఆయన మెల్లగా, "బాగుంటే సంతోషమే అమ్మా. నా సంగతేమన్నా చెప్పారా?" అన్నాడు. తల ఎక్కడ పెట్టుకోను? ఉన్నావా అని అడిగే నోటితోనే రిపోర్టేదీ అని కూడా అడగొచ్చు కదరా.

మేనత్త

తా.క.: కోపంతో రాశాననుకోకు. కోపం నిన్ననే అయిపోయింది.

అత్తకి,

బాసుని అడిగాను. ఒప్పందంలో "ఉన్నావా" ఒక్కటే ఉందట, రెండో ప్రశ్నకి అనుమతి లేదట. పోనీ ఫిర్యాదు పెడదామంటే ఆ ఫారంలో ఎర్ర లైటు లింకులే కనిపిస్తాయి. చివరికి 'ఇతరములు' అన్నచోట రాశాను. "మీ లింకు ఆరోగ్యంగా ఉంది" అని జవాబొచ్చింది. ఆ జవాబులు పంపేది నేనే.

మేనల్లుడు

తా.క.: నన్ను నేను మర్యాదగానే తిరస్కరించుకున్నాను.

నాయనా బుజ్జీ,

నిన్న సెలవు పెట్టి, రెండు బస్సులు మారి ల్యాబుకి వెళ్లాను. మూతపడి మూడు వారాలైందట. మేం పంపిన రక్తం పెట్టెలన్నీ వాచ్‌మన్ సంతకం పెట్టి తీసుకుని తన గదిలో పేర్చుకున్నాడు. అద్దంలోంచి చూస్తే లోపల బల్లల్లేవు, కుర్చీల్లేవు. నేల మీద ఒక్క కంప్యూటర్ మాత్రం మిణుకుమిణుకుమంటోంది. సాయంత్రం దర్జీని ఆటోలో వేరే ల్యాబుకి తీసుకెళ్లాను. రెండు గంటల్లో కాగితం చేతికిచ్చారు. ఈ పొద్దున ఆపరేషన్ అయింది. బతికాడు.

మేనత్త

తా.క.: ఆ కంప్యూటర్నెందుకు ఆపలేదని వాచ్‌మన్‌ని అడిగాను. "ఎవరో పిలుస్తున్నట్టుంటేను, ప్లగ్గు తీయబుద్ధి కాలేదమ్మా" అన్నాడు.

అత్తకి,

నీ ఉత్తరం చదివాక బోర్డు వైపు చూడలేకపోయాను. ఎవరికీ చెప్పకుండా ప్రశ్న మార్చాను. "ఉన్నావా" తీసేసి "నిన్నటి పని ఒకటి చూపించు" అని పెట్టాను. గంటలో పదిహేడు లైట్లు ఎర్రబడ్డాయి. బాసు పరుగున వచ్చి అందర్నీ పిలిచాడు. హమ్మయ్య, ఇన్నాళ్లకి ఒకరైనా చూశారనుకున్నాను. కానీ ఆయన, "నిన్నటిదాకా అన్నీ పచ్చగా ఉన్నాయి, ఇతను చెయ్యి పెట్టాక పదిహేడు పాడయ్యాయి" అని తేల్చి, నాకు హెచ్చరిక కాగితమిచ్చాడు. పాత ప్రశ్న తిరిగొచ్చింది. అన్నీ పచ్చగా ఉన్నాయి.

ఆ మధ్యాహ్నమే, నేను పాడుచేసిన ఆ గంటని లెక్కలోంచి తీసేసి, ఏడాది పొడుగునా ఒక్క నిమిషం కూడా ఆగని లింకుకి బహుమతి ప్రకటించారు. నీ ల్యాబుకే వచ్చింది. అందుకోవడానికి ఎవరూ రాలేదు.

నీ మేనల్లుడు

తా.క.: ఆ బహుమతిని స్వయంగా అందజేసి సంతకం తీసుకురమ్మని నన్నే పంపుతున్నారు. వాచ్‌మన్ ఏ వేళప్పుడుంటాడో రాయి.